వింటి కర్రను ఎంచుకోవడం: పోగు, చేవ, తేమ

అధ్యక్షుల వారికి, సభలోని పెద్దలకు, విలువిద్య మీద మక్కువతో ఇక్కడికి వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద ఎడమ చివర ఉన్న రెండు ముక్కలు ఒకప్పుడు ఒకే విల్లు. నేను చేసిన మొదటి విల్లు అదే. మంచి జాతి కర్ర అని చెప్పగా విని, చిత్రిక పట్టి నున్నగా ఉన్న పలకను కొని, నెల రోజుల పాటు తీరిక దొరికినప్పుడల్లా చెక్కి, ఆకురాయితో అరగదీసి, నారి కట్టి సంబరపడ్డాను. నాలుగో రోజున బాణాన్ని చెంప దాకా లాగిన క్షణంలో, పిడికి జానెడు పైన అది ఫెళ్ళున విరిగింది. విరిగిన చోటును దగ్గరగా చూడండి. కర్ర అడ్డంగా తెగలేదు. జానెడు పొడవున ఏటవాలుగా, నాలుక ఆకారంలో చీలింది. పలక ముఖం మీద సన్నని గీతలు కనిపిస్తున్నాయి కదా, అవి పలక అంచుకు సమాంతరంగా సాగకుండా, మెల్లగా పక్కకు ఒరుగుతూ వచ్చి, సరిగ్గా ఈ చీలిక మొదలైన చోటనే అంచు దాటి బయటికి పోయాయి. ఆ గీతలు విల్లు చెక్కక ముందు కూడా అక్కడే ఉన్నాయి. నాకు చూడడం తెలియలేదు. చెట్టు పేరు అడిగాను, పేరు నచ్చింది, కర్రను తెచ్చుకున్నాను.

అందుకే ఈ ప్రసంగంలో ఏ చెట్టు గొప్పది అనే జాబితాతో మొదలుపెట్టడం లేదు. చెట్టు జాతి విల్లు ఎంత వెడల్పుగా, ఎంత మందంగా, ఎంత పొడవుగా ఉండాలో నిర్ణయిస్తుంది. అది పదేళ్లు నిలుస్తుందా నాలుగు రోజులకే విరుగుతుందా అన్నది మాత్రం మన చేతిలో ఉన్న ఆ ఒక్క కర్రముక్క పెరిగిన తీరును బట్టి, దాన్ని మనం చీల్చి ఆరబెట్టిన తీరును బట్టి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చూడగలిగినవారే మంచి కర్రను పట్టుకోగలరని నా నమ్మకం.

ముందుగా, లాగినప్పుడు కర్రకు ఏమవుతుందో చూద్దాం. విలుకాడికి అవతలి వైపున, లక్ష్యాన్ని చూస్తూ ఉండే ముఖాన్ని వీపు అనీ, విలుకాడి వైపు ఉండే ముఖాన్ని పొట్ట అనీ అందాం. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది, నడుమ ఉన్న పొరకు సాగడమూ ఉండదు, నలగడమూ ఉండదు. శ్రమంతా పై పొరలదే. కర్ర విరగకుండా సాగగలిగేది చాలా కొద్దిగానే, తన పొడవులో నూటికి ఒక వంతుకు అటూ ఇటూగా. ఆ కాస్తలోనే విల్లు తన శక్తినంతా దాచుకోవాలి. అయితే ముడులు లేని, బాగా ఎండిన కర్రకు పోగుల వెంబడి, అంటే కర్రలో పొడవునా సాగే నారల వెంబడి, లాగుడును తట్టుకునే బలం, నొక్కుడును తట్టుకునే బలానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగిలినవన్నీ దాని వెంట వస్తాయి. వీపున పోగులు తెగకుండా ఒక చివర నుంచి మరో చివర దాకా సాగుతూ ఉంటే, మామూలుగా వీపు విరగదు. ముందుగా అలసిపోయేది పొట్టే. పొట్ట అలసిన విల్లు నారి విప్పిన తరువాత కూడా కొంత వంగే ఉండిపోతుంది, మరీ అలసితే పొట్టకు అడ్డంగా వెంట్రుక సన్నని ముడత గీతలు పడతాయి. వీపే విరిగిందంటే, దాదాపు ఎప్పుడూ, అక్కడ పోగు తెగి ఉంటుంది.

మందం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విల్లు వెడల్పును రెట్టింపు చేస్తే బిరుసు రెట్టింపు అవుతుంది; మందాన్ని రెట్టింపు చేస్తే బిరుసు 8 రెట్లు అవుతుంది, దానితో పాటు పై పొరలు సాగవలసిన, నలగవలసిన మేర కూడా పెరుగుతుంది. కాబట్టి తేలికైన, అంత గట్టితనం లేని కర్ర దొరికినప్పుడు దాన్ని మందంగా ఉంచి బలం తెచ్చుకోవాలని చూడడం ప్రమాదం. వెడల్పుగా, పలుచగా ఉంచి ఆ భారాన్ని ఎక్కువ పోగులకు పంచాలి. డెన్మార్కులోని హోల్మెగార్డ్ చిత్తడి నేలలో 1944లో దొరికిన విండ్లు సుమారు 9000 సంవత్సరాల నాటివి. అవి ఎల్మ్ అనే చలి దేశాల చెట్టు కర్రతో చేసినవి. పిడి దగ్గర సన్నగా, దానికి రెండు వైపులా వంగే భాగాలు వెడల్పుగా, పలుచగా ఉంటాయి. లెక్కలు రాసుకునే కాలం కాదది. అయినా ఎల్మ్ వంటి కర్రకు ఏ ఆకారం కావాలో వాటిని చెక్కిన చేతులు పూర్తిగా గ్రహించాయి. ఆ విండ్ల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు వాటిని చేసినవారి మీద గౌరవం పెరుగుతుంది.

దీనికి పూర్తి భిన్నమైన ఆకారం ఇంగ్లాండు పొడవాటి విల్లుది. 1545 జులైలో మునిగిపోయి, 1982 అక్టోబరులో పైకి తీసిన మేరీ రోజ్ అనే యుద్ధనౌక శిథిలాల నుంచి 170కి పైగా విండ్లు దొరికాయి. అన్నీ యూ అనే సూదాకు జాతి చెట్టు కర్రతో చేసినవే, చాలావాటి పొడవు 2 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. సన్నగా, మందంగా, పొట్ట వైపు గుండ్రంగా ఉండే ఆ ఆకారం ఏ కర్రకు పడితే ఆ కర్రకు సరిపోదు. యూ కర్రకు సరిపోవడానికి కారణం దాని లోపలే ఉంది. చెట్టు నడుమ ఉన్న ముదురు రంగు చేవ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, బెరడు కింద ఉన్న లేతపసుపు తెల్లచెక్క లాగుడును బాగా ఓర్చుకుంటుంది. విల్లు వీపున పలుచని తెల్లచెక్క పొర ఉంచి, మిగిలినదంతా చేవ ఉండేలా కర్రను తీసుకుంటే, రెండు వేరు వేరు కర్రలను అతికించినట్టు ప్రకృతే అతికించి ఇచ్చిన విల్లు తయారవుతుంది. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, 5000 ఏళ్లకు పైబడిన మనిషి దేహం పక్కన దొరికిన సగం చెక్కిన విల్లు కూడా యూ కర్రదే.

ఈ చెట్టు మీద ఇంగ్లాండుకు ఎంత ఆధారపడవలసి వచ్చిందంటే, 1472లో అక్కడి చట్టం రేవులకు వచ్చే ఓడలు ప్రతి టన్ను సరుకుకూ 4 వింటి కర్రలు తేవాలని నిర్బంధించింది. నెమ్మదిగా పెరిగే చెట్టును అంత వేగంగా నరికితే ఏం జరుగుతుందో ఐరోపా అడవులు చూశాయి. కర్రను ఎంచుకునేవారు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. తిన్నని మాను ఒకటి కావాలంటే దానికి వెనుక ఎన్నో ఏళ్లు ఉంటాయి, కాబట్టి తొందరపడి నరికి, చీల్చాక మెలిక చూసి పారేసే పని చేయకూడదు. మరొక జాగ్రత్త కూడా చెబుతాను: యూ చెట్టు విషపూరితం. దాన్ని అరగదీసేటప్పుడు ముక్కుకు, నోటికి ముసుగు లేకుండా కూర్చోవద్దు.

ఇప్పుడు ఓసేజ్ ఆరెంజ్ దగ్గరికి వద్దాం. ఇది అమెరికాలో టెక్సస్, ఒక్లహోమా, అర్కాన్సా ప్రాంతాల చెట్టు. ఫ్రెంచివారు దీన్ని "బ్వా దార్క్" అన్నారు, అంటే వింటి కర్ర అనే అర్థం. మన పనస, మర్రి, రావి, మల్బరీ ఉన్న కుటుంబమే దీనిది కూడా. మల్బరీ సైతం మంచి వింటి కర్ర కావడం అందువల్ల ఆశ్చర్యం కలిగించదు. ఓసేజ్ బరువైన కర్ర, ఘన సెంటీమీటరుకు సుమారు 0.85 గ్రాములు తూగుతుంది. యూ 0.65, 0.70 మధ్య ఉంటుంది. ఓసేజ్‌లో తెల్లచెక్క పొర చాలా పలుచన. దాన్ని తీసేసి, పసుపు రంగు చేవలోని ఒకే ఒక్క సంవత్సర వలయాన్ని విల్లు వీపుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబెట్టాలి.

ఈ పని మాటల్లో చెబితే సులభంగా వినిపిస్తుంది. ఇక్కడ ఉన్న ఈ కర్ర మీద మీరే చూడండి. రెండు పిడుల కత్తితో మెల్లగా లాగుతూ వస్తే, ముందుగా వసంతంలో పెరిగిన లేత పొర వస్తుంది. అది సూదిరంధ్రాలతో గుల్లగా ఉంటుంది, కత్తి కింద ఎండుటాకులు నలిగినట్టు కరకరమంటుంది, పొడిపొడిగా రాలుతుంది. ఆ శబ్దం ఆగి, కత్తి నున్నగా జారుతూ, రిబ్బను లాంటి తరగలు రావడం మొదలైందంటే, తరువాతి వలయంలోని గట్టి పొర మీదికి చేరామన్నమాట. అక్కడ ఆగాలి. ఆ పొర మీద ఒక్క గాటు పడి కిందికి తెగితే, మళ్లీ ఒక వలయం మొత్తం కిందికి దిగవలసిందే. ముడి వచ్చిన చోట వలయం ఉబ్బుతుంది, ఆ ఉబ్బును అలాగే చిన్న దిబ్బలా వదిలేయాలి. చదును చేస్తే ముడి చుట్టూ తిరిగిన పోగులన్నీ తెగిపోతాయి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు చెవి చెప్పినది వినకుండా కన్ను చెప్పినదే నమ్మి, మూడు వలయాలు పాడుచేశాను.

వలయాల గురించి ఒక చిక్కు ప్రశ్న తరచుగా వస్తుంది: దగ్గర దగ్గర వలయాలు మంచివా, దూరంగా ఉన్నవి మంచివా? రెండు జవాబులూ నిజమే, జాతిని బట్టి. యూ, జునిపర్ వంటి సూదాకు జాతి చెట్లలో నెమ్మదిగా పెరిగి, సన్నని వలయాలు దట్టంగా ఉన్న కర్రనే వింటివారు కోరుకుంటారు. యాష్, హికరీ, ఎల్మ్, ఓసేజ్ వంటి చెట్లు ఏటేటా వసంతంలో ఒక గుల్ల పొరను, ఆ తరువాత ఒక గట్టి పొరను వేస్తాయి. గుల్ల పొర మందం ఏటికేడాది పెద్దగా మారదు. చెట్టు బాగా పెరిగిన ఏడాదిలో గట్టి పొరే పెరుగుతుంది. అందువల్ల వీటిలో వలయాలు మరీ సన్నగా ఉంటే కర్రలో సగం గుల్లే. కోసిన చివరను నున్నగా చేసి తడి గుడ్డతో తుడిచి చూస్తే, గుల్ల పొర ఎంత, గట్టి పొర ఎంత అన్నది కంటికే తెలిసిపోతుంది. చివరను చూడకుండా కర్రను తీసుకోవద్దని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

మన ప్రాచీన సాహిత్యం కూడా వింటి పదార్థం విషయంలో ఒకే చెట్టును పట్టుకుని కూర్చోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి చెప్పే భాగంలో తాటి, వెదురు, మాను, కొమ్ము అనే నాలుగు రకాల పదార్థాలు విండ్లకు కనిపిస్తాయి. వింటినారికి మౌర్వి అనే పేరు మూర్వ అనే చాగనార నుంచి వచ్చింది. చారచి చెట్టుకు సంస్కృతంలో ధన్వనం అని పేరు, ఆ మాటలోనే విల్లు ఉంది. సాగే గుణం ఉన్న ఆ కర్రను పనిముట్ల పిడులకు కూడా వాడతారు. వెదురు, తాటి రెండింటికీ వలయాలు ఉండవు, వాటి లెక్క వేరు. రెండింటిలోనూ గట్టి పోగులు బయటి వైపునే దట్టంగా పేరుకుని ఉంటాయి, లోపలికి పోయే కొద్దీ పలుచబడి మెత్తబడతాయి. కనుక వాటిని బయటి ముఖం చెక్కకుండా, లోపలి మెత్తదనాన్ని మాత్రమే తీసివేసి వాడాలి. వెదురు బద్దను మరో గట్టి కర్రకు వీపుగా అతికించి చేసే విండ్లు చాలా బాగుంటాయి, ఎందుకంటే లాగుడుకు వెదురు బయటి పొరను మించినది కర్రల్లో దొరకడం అరుదు.

ఇక నిలబడి ఉన్న చెట్టును, లేదా అప్పుడే కోసిన దుంగను చూసే విధానం. మొదట బెరడు చూడండి. బెరడు మీది గాళ్లు నిట్టనిలువుగా సాగుతుంటే లోపలి పోగు కూడా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. అవి మాను చుట్టూ మెట్లదారిలా తిరుగుతుంటే, చీల్చినప్పుడు కర్ర మెలి తిరిగి వస్తుంది. బెరడు ఎంత తిన్నగా కనిపించినా, చిన్న కొమ్మ ఒకటి చీల్చి చూడడం మంచిది. మనిషి ఎత్తుకు కొంచెం అటూ ఇటూగా ఉన్న పొడవులో పెద్ద కొమ్మలు లేని భాగం కావాలి. మాను అడ్డకొలత 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే నాలుగు మంచి కర్రలు వస్తాయి. మరీ సన్నని మానులో వీపు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బు శిఖరం మీదనే లాగుడంతా పడుతుంది. పైగా నడుమ ఉన్న దవ్వ కర్రలో మిగిలిపోతే ఎండేటప్పుడు అక్కడి నుంచి బీటలు బయలుదేరతాయి. పక్కకు వాలి పెరిగిన చెట్టును వీలైతే వదిలేయండి, దాని పై వైపు ఒకలా, కింది వైపు మరొకలా పెరిగి, ఎండినప్పుడు ఊహించని వంపులు తిరుగుతుంది.

పోగు వాలు ఎంత నష్టం చేస్తుందో అంకెల్లో చెబితే మనసుకు పడుతుంది. పొడవున 20 సెంటీమీటర్లకు పోగు 1 సెంటీమీటరు మాత్రమే పక్కకు జరిగితే, వంగుడును తట్టుకునే బలం సుమారు 93 శాతం మిగులుతుంది. 10కి 1 జరిగితే 81 శాతం. 5కి 1 జరిగితే 55 శాతమే. నా మొదటి విల్లు విరిగిన చోట కొలిచి చూస్తే, అది 6కి 1కి దగ్గరగా ఉంది. వడ్రంగి బల్లకు అది ఏ మాత్రం లోపం కాదు. విల్లుకు మాత్రం అదే మరణం.

కాబట్టి దుంగను రంపంతో కోయకండి, చీల్చండి. రంపం తాను పోదలచుకున్న దారిలో పోతుంది. ఇనుప చీలలు దిగగొట్టి చీలిస్తే కర్ర తన పోగు ఉన్న దారిలోనే విడిపోతుంది. ఎల్మ్ వంటి కొన్ని కర్రల్లో పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని చీలడానికి మొరాయిస్తాయి. అటువంటి చోట, బెరడు తీసిన ముఖం మీద పోగు దారిని గుర్తించి, ఆ గీత వెంబడే రంపం నడపాలి. చీల్చిన కర్ర కాస్త అలల్లా వంకర తిరిగి వచ్చినా భయం లేదు. విల్లును ఆ అలల వెంబడే చెక్కవచ్చు. చూడడానికి తిన్నగా ఉండి పోగు తెగిన విల్లు కంటే, వంకరగా ఉండి పోగు నిలిచిన విల్లు నూటికి నూరు పాళ్లు మేలు.

దుంగ కోసిన రోజునే రెండు చివరలకూ మైనమో, రంగో, జిగురో దట్టంగా పూయాలి. నీరు చివరల నుంచే వేగంగా ఆరిపోతుంది, అక్కడే నెర్రెలు మొదలై లోపలికి పాకుతాయి. కర్ర ఎండేటప్పుడు పొడవున దాదాపు కుంచించుకుపోదు. వలయాల వెంబడి కుంచించుకునేది, వలయాలకు అడ్డంగా కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ తేడానే బీటలకు కారణం. చెట్టు చురుకుగా పెరిగే రోజుల్లో కోస్తే బెరడు చేత్తోనే ఊడివస్తుంది. కింద నున్నని, ఒక్క పోగు కూడా తెగని ముఖం బయటపడుతుంది, హికరీ, యాష్, ఎల్మ్ వంటి వాటికి అదే సిద్ధమైన వీపు. అయితే బెరడు తీసిన వీపుకు కూడా వెంటనే పూత పూయాలి, లేకపోతే అంత అందమైన ముఖం రెండు రోజుల్లో నెర్రెలు బారుతుంది.

తేమ గురించి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే మంచి కర్రలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. విల్లుకు కర్రలో తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉండడం మంచిది. 12 దాటితే పొట్ట త్వరగా అలసి, విల్లు వంగిపోయి నిలిచిపోతుంది. 6 కంటే తగ్గితే చాలా జాతులు పెళుసెక్కుతాయి. హికరీ మాత్రం ఇంకా కాస్త పొడిగా ఉండాలని కోరుతుంది, గాలిలోని తేమను కూడా తొందరగా పీలుస్తుంది. అంగుళం మందానికి ఒక ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. అంతకాలం ఆగలేనివారు కర్రను విల్లు ఆకారానికి దగ్గరగా, కాస్త మందంగా చెక్కి ఉంచితే చాలా త్వరగా ఆరుతుంది. తేమను కొలిచే పరికరం లేకపోయినా ఫరవాలేదు. ఒక మామూలు తూనికతో వారానికి ఒకసారి కర్రను తూచి, బరువును దాని మీదనే పెన్సిలుతో రాయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే, కర్ర ఆ గదిలోని గాలితో సమానంగా ఎండిందని అర్థం.

పలకతో తప్ప చేసే వీలు లేనివారు ఉంటారని తెలుసు. వారు దుకాణంలో పలకలన్నీ తిరగేసి చూడడానికి సిగ్గుపడవద్దు. ముఖం మీద గీతలు, పక్క అంచు మీద గీతలు, రెండూ ఒక చివర నుంచి మరో చివర దాకా అంచు దాటకుండా సాగే పలక ఇరవైలో ఒకటి దొరుకుతుందో లేదో. దొరికే దాకా వెతకాలి, దొరకకపోతే వట్టి చేతులతో తిరిగి రావాలి.

బల్ల మీద విరిగిన విల్లు పక్కన ఇంకో మూడు కర్రలు ఉంచాను. ఒకటి మెలి తిరిగినది, ఒకటి వీపున ముడి ఉన్నది, మూడోది చూడడానికి అన్నిటికంటే వికారంగా, వంకరగా ఉన్నది. ఇప్పుడు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి, వాటి చివరలు చూసి, పోగు వెంబడి వేలు నడిపి, మీరైతే దేనితో విల్లు చేస్తారో నాకు చెప్పండి. మూడో కర్ర మీద పెన్సిలుతో రాసిన బరువులు ఉన్నాయి. గత ఐదు వారాలుగా ఆ అంకె మారలేదు.